గేరు దించితే బండి ఎందుకు గుంజుతుంది?

బైకు నడిపేవారు గేర్లు ఎంత సాఫీగా వేస్తున్నారో చెప్పడానికి ఏ పరికరమూ అక్కర్లేదు, వెనక కూర్చున్నవారి హెల్మెట్ చాలు. గేరు దించిన ప్రతిసారీ అది వచ్చి ముందు హెల్మెట్‌కు టక్కున తగులుతోందంటే ఎక్కడో తేడా కొడుతోందన్నమాట. విచిత్రమేమిటంటే అదే చేయి, అదే క్లచ్, అదే కాలు గేరు పెంచేటప్పుడు ఏ పేచీ పెట్టవు. ఎక్కేటప్పుడు లేని కుదుపు దిగేటప్పుడే ఎందుకు?

చాలామంది నేరం క్లచ్ మీదికి నెడతారు. కేబుల్ బిగించుకునేవారు కొందరు, లివర్‌ను ఇంకా ఇంకా మెల్లగా వదలడం అలవాటు చేసుకునేవారు కొందరు. అసలు సంగతి వేరు. క్లచ్ వదిలే క్షణంలో ఇంజిన్ ఒక వేగంతో తిరుగుతుంటుంది. కొత్త గేరులో వెనక చక్రం దాన్ని ఇంకో వేగంతో తిరగమంటుంది. ఈ రెంటికీ ఉన్న తేడాయే కుదుపు. ఆ తేడాను ముందుగా పూడ్చాల్సిన పని క్లచ్ పట్టే ఎడమచేతిది కాదు, రేస్ (త్రాటిల్) తిప్పే కుడిచేతిది.

ఒక లెక్క

ఆరు గేర్ల బండి ఒకటి ఉందనుకుందాం. దాని గేరు నిష్పత్తులు మొదటి గేరు నుంచి వరసగా 2.80, 1.90, 1.45, 1.20, 1.04, 0.92. అంకె ఎంత పెద్దదైతే అదే బండి వేగానికి ఇంజిన్ అంత ఎక్కువ తిరగాలన్నమాట. అంకెలు ఊహించుకున్నవే అయినా, రోడ్డు బళ్ళ గేర్‌బాక్సుల తీరు ఇంచుమించు ఇదే: పై గేర్లు దగ్గరదగ్గరగా, కింది గేర్లు ఎడంగా ఉంటాయి. ఇంజిన్ 4,000 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) మీద నడుస్తుండగా, బండి వేగం మారకుండా ఒక్క గేరు దించితే ఇంజిన్ ఎంతకు చేరాలి? ఆరు నుంచి ఐదుకైతే 4,520 చాలు. నాలుగు నుంచి మూడుకు 4,830. మూడు నుంచి రెండుకు 5,240. రెండు నుంచి ఒకటికి దాదాపు 5,900.

ఐదో గేరుకు దిగితే ఏమీ అనిపించకపోవడానికీ, మొదటి గేరుకు దిగితే ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఉండటానికీ కారణం ఈ అంకెల్లోనే ఉంది. అది కూడా పైపైన చూస్తేనే. తిరిగే వస్తువులో దాగిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, 4,000 నుంచి 5,900కు వెళ్ళాలంటే పిస్టన్లు తిప్పే ఇరుసు అయిన క్రాంక్‌షాఫ్ట్‌లో, దాని బరువు చక్రం (ఫ్లైవీల్)లో ఉన్న శక్తి రెట్టింపు దాటాలి. ఎవరూ రేస్ ఇవ్వకపోతే ఆ శక్తి ఎక్కడి నుంచి రావాలి? బండి పరుగులోంచే. ఎటునుంచి రావాలి? వెనక టైరు రోడ్డును తాకే అరచేయంత జాగా నుంచి. కుదుపు అంటే ఇంజిన్‌ను తిప్పే పని చక్రం నెత్తిన పడటమే.

గేరు పెంచేటప్పుడు ఇదంతా తిరగబడుతుంది. అప్పుడు ఇంజిన్ వేగం తగ్గాలి. రేస్ వదిలి క్లచ్ పట్టగానే అది ఎలాగూ తగ్గుతుంది, మన ప్రమేయం లేకుండానే సగం పని అయిపోతుంది. దిగేటప్పుడు మాత్రం ఇంజిన్ వేగం పెరగాలి. వదిలేసిన రేస్‌తో అది తనంతట తాను ఎందుకు పెరుగుతుంది?

టైరు మీద పడే భారం

రేస్ మూసి గేరులోనే ఉంటే బండి నెమ్మదించడాన్ని ఇంజిన్ బ్రేకింగ్ అంటాం. పిస్టన్ గాలిని నొక్కడం వల్ల బండి ఆగుతుందని చాలామంది అనుకుంటారు. నొక్కిన గాలి స్ప్రింగులాంటిది, తిరిగి పిస్టన్‌ను నెట్టి తీసుకున్నదాంట్లో చాలాభాగం ఇచ్చేస్తుంది. పెట్రోలు ఇంజిన్‌లో అసలు బ్రేకు వేరేచోట ఉంది. త్రాటిల్ మూసుకున్నాక ఇంజిన్‌కు గాలి అందదు. ప్రతి సక్షన్ స్ట్రోక్‌లో పిస్టన్ దాదాపు మూసిన తలుపు అవతలి నుంచి గాలిని పీల్చాల్సి వస్తుంది. ఆ ప్రయాస, లోపలి భాగాల రాపిడి కలిసి క్రాంక్‌ను పట్టి లాగుతాయి.

ఆ లాగుడు గేర్ల గుండా వెనక చక్రానికి చేరేసరికి ఎన్నో రెట్లవుతుంది. చిన్న బళ్ళలో మొదటి గేరులో వెనక చక్రం ఒక్క చుట్టు తిరిగితే క్రాంక్‌షాఫ్ట్ పాతిక చుట్లకు పైగానే తిరుగుతుంది. అంటే ఇంజిన్ చిన్నగా మొరాయించినా చక్రం దగ్గర అది పాతిక రెట్ల బలంతో కనిపిస్తుంది. పెద్ద సింగిల్ సిలిండర్, వీ-ట్విన్ (వీ ఆకారంలో రెండు సిలిండర్లున్న) బళ్ళలో ఇంజిన్ లాగుడు మరీ ఎక్కువ. పాత టూ స్ట్రోక్ బళ్ళలో దాదాపు ఉండదు. అలాంటి బండి మీద ఏళ్ళ తరబడి చేయి తిరిగినవారు ఫోర్ స్ట్రోక్ ఎక్కితే మొదటి మలుపులోనే ఉలిక్కిపడేది ఇందుకే.

ఇందులో ఇంకో చిక్కుంది. గేరు దించేది సాధారణంగా బ్రేకు వేస్తున్నప్పుడు. బ్రేకు పడితే బరువు ముందుకు జారుతుంది. రెండు చక్రాల నడుమ దూరం 1,350 మిల్లీమీటర్లు, మనిషితో కలిపి బరువు కేంద్రం నేల నుంచి 600 మిల్లీమీటర్ల ఎత్తు, నిలకడగా ఉన్నప్పుడు బరువు రెండు చక్రాల మీదా సగం సగం అనుకుంటే, 0.5 జీ (భూమ్యాకర్షణ త్వరణంలో సగం) బ్రేకింగ్‌లో వెనక చక్రం మీద 28 శాతమే మిగులుతుంది. 0.9 జీకి వెళితే 10 శాతం. గట్టిగా బ్రేకు వేసిన ఆ కొద్ది క్షణాల్లోనే, నేలను అంటీ అంటనట్టున్న టైరు మీద ఇంజిన్‌ను తిప్పే భారం కూడా మోపుతున్నామన్నమాట. పొడి రోడ్డు మీద కీచుమని ఒక చిన్న చప్పుడుతో పోతుంది. తడి రోడ్డు మీదో, ఇసుక పరచుకున్న మలుపులోనో బండి వాలి ఉండగా ఇదే జరిగితే వెనక చక్రం పక్కకు జారుతుంది. గేరు సాఫీగా దించడాన్ని సుఖం కోసం నేర్చుకునే నాజూకుతనంగా చూస్తారు గానీ, అది ముందు పట్టు సంగతి, తర్వాతే సుఖం సంగతి.

మూడు దారులు

ఇంజిన్, చక్రం వేగాలను కలపడానికి ఉన్నవి మూడు పద్ధతులు. మొదటిది అందరికీ తెలిసిందే: గేరు దించి క్లచ్‌ను మెల్లగా, హాఫ్ క్లచ్ దగ్గర కాస్త ఆపి వదలడం. పని జరుగుతుంది. బైకుల్లో చాలావరకు క్లచ్ ప్లేట్లు నూనెలో తడుస్తూ ఉంటాయి కాబట్టి ఆ రాపిడిని ఓర్చుకుంటాయి కూడా. కానీ భారం చక్రం మీదే ఉంది, ఒక్కసారిగా కాకుండా వాయిదాల్లో కడుతున్నామంతే. పైగా హాఫ్ క్లచ్‌లో గడిపే ఆ సెకనులో 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి దాదాపు 17 మీటర్లు వెళ్ళిపోతుంది. డ్రైవింగ్ నేర్చుకునే మొదటి నెలకు ఇది చాలు. అక్కడే ఉండిపోవడం మాత్రం పొరపాటు.

రెండోది చాలా తేలిక, ఎందుకో దీన్ని ఎవరూ చెప్పరు. రేస్ పూర్తిగా మూయకుండా, ఉన్నచోటే కొద్దిగా పట్టి ఉంచి క్లచ్ నొక్కితే, భారం తీసేసిన ఇంజిన్ తనంతట తానే పైకి లేస్తుంది. అది లేస్తుండగా గేరు దించి క్లచ్ వదిలేయడమే. నిలకడగా పోతూ ముందున్న వాహనాన్ని దాటడానికి గేరు దించేటప్పుడు ఇంతకంటే మంచి పద్ధతి లేదు. బ్రేకు వేస్తూ దిగడానికి మాత్రం కుదరదు, అప్పటికి రేస్ మూసేసి ఉంటుంది.

అక్కడ పనికొచ్చేది మూడోది, బ్లిప్. క్లచ్ నొక్కి ఉన్న ఆ రెప్పపాటులో రేస్‌ను ఒక్క విసురు విసిరి వదలడం.

చెప్పడానికి ఒక్క వాక్యం. చేతిలో పడటానికి వారాలు పడుతుంది, ఎందుకంటే పొరపాటు ఎప్పుడూ ఒకేచోట జరుగుతుంది. నాలుగో గేరులో 4,000 ఆర్పీఎం మీద వస్తున్న బండిని మూడుకు దించాలి. బూటు కొస గేరు లివర్ మీద ఆని, కొద్దిగా బరువు మోపి సిద్ధంగా ఉంటుంది. రెండు వేళ్ళతో క్లచ్‌ను పట్టు వదిలేదాకా మాత్రమే లాగాలి, హ్యాండిల్‌కు ఆనేదాకా లాగనక్కర్లేదు. అదే క్షణంలో కుడి మణికట్టు చిన్నగా తిరిగి వెనక్కి వస్తుంది. ఇంజిన్ వ్రూమ్ అంటుంది, కింద లివర్ కటక్ అంటుంది. ఇక్కడే వస్తుంది చిక్కు. కొత్తవారు ఆ చప్పుడు విని, అంతా సరిగ్గా జరిగిందని తృప్తిపడి, అప్పుడు తీరిగ్గా క్లచ్ వదులుతారు. ఈలోగా ఆర్పీఎం ముల్లు 4,800 దాకా లేచి మళ్ళీ 3,000కు పడిపోయి ఉంటుంది. బ్లిప్ చేయకముందు ఎంత కుదుపు ఉండేదో ఇప్పుడూ అంతే, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. తెచ్చిన వేగాన్ని వాడుకోకుండా పారబోసినట్టే కదా. క్లచ్ వదలాల్సింది ఇంజిన్ చప్పుడు శిఖరం మీద ఉండగానే. నొక్కడం, విసరడం, దించడం, వదలడం అని నాలుగు పనులుగా లెక్కపెట్టుకున్నంతకాలం ఇది రాదు. నాలుగూ కలిసి పావు సెకనులో అయిపోయే ఒకే కదలికగా మారాలి.

విసురు ఎంత ఉండాలన్నది బండిని బట్టి మారుతుంది. బరువైన ఫ్లైవీల్ ఉన్న పెద్ద సింగిల్ ఇంజిన్ బద్ధకంగా లేచి, బద్ధకంగా దిగుతుంది. దానికి కాస్త నిండైన విసురు కావాలి, క్లచ్ వదలడంలో క్షణం ఆలస్యమైనా మన్నిస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ చిటికెలో లేచి చిటికెలో పడుతుంది, దానికి స్పర్శ చాలు. తక్కువ కంటే కాస్త ఎక్కువైతేనే మేలు. ఇంజిన్ వంద, రెండు వందల ఆర్పీఎం పైన ఉండగా క్లచ్ కలిస్తే బండి చిన్నగా ముందుకు తోసినట్టు ఉంటుంది, టైరు పట్టు వదలదు. బాగా ఎక్కువైతే మాత్రం బ్రేకు వేస్తున్న బండి ముందుకు ఉరుకుతుంది, అదీ ప్రమాదమే.

అభ్యాసానికి ఖాళీ రోడ్డు, టాకోమీటర్ (ఇంజిన్ వేగం చూపే మీటరు) ఉంటే సరిపోతుంది. సరిగ్గా 40 కిలోమీటర్ల వేగంలో మూడో గేరులో ముల్లు ఎక్కడుందో చూడాలి. అదే వేగంలో రెండో గేరులో ఎక్కడుందో చూడాలి. బ్లిప్‌తో అందుకోవాల్సింది ఆ రెండో అంకెనే. ఐదారు సార్లయ్యాక ముల్లును చూడాల్సిన పని ఉండదు, ఆ రెండు చప్పుళ్ళ మధ్య దూరం చెవికి తెలిసిపోతుంది. టాకోమీటర్ లేని బండి మీద మొదటి నుంచీ చెవే దిక్కు.

బ్రేకు పట్టిన చేత్తోనే

కుడిచేతి చూపుడు, మధ్య వేళ్ళు ముందు బ్రేకు మీద ఉంటాయి. రేస్ తిప్పాల్సింది అదే చేతి బొటనవేలు, అరచేయి, మిగతా రెండు వేళ్ళు. మణికట్టు కిందికి వాలగానే బ్రేకు మీద ఉన్న వేళ్ళు కూడా లాగబడతాయి లేదా సడలుతాయి. బ్లిప్ చేసిన ప్రతిసారీ ముందు ఫోర్కు ఒకసారి కుంగి లేస్తోందంటే జరుగుతున్నది ఇదే. బండి మీద ఇంతకంటే కష్టమైన చేతిపని మరొకటి లేదేమో. దీనికి సగం మందు సర్దుబాటులో ఉంది. బ్రేకు లివర్ కోణాన్ని కాస్త కిందికి దించడం, సర్దుకునే వీలుంటే లివర్ దూరాన్ని వేళ్ళకు తగ్గట్టు పెట్టుకోవడం, త్రాటిల్ కేబుల్‌లో అనవసరమైన వదులు తీసేయడం. అప్పుడు మణికట్టు ఎక్కువ తిరగనక్కర్లేదు, వేళ్ళు బ్రేకు మీద జారుతూ ఒత్తిడిని అలాగే నిలుపుతాయి. ఈ నైపుణ్యం వచ్చేదాకా ముందు వేగం తగ్గించి, బ్రేకు సడలించే చివరి దశలో గేరు దించితే సరి, అందులో చిన్నతనమేమీ లేదు.

ఎప్పుడు దించాలన్నది ఎలా దించాలన్నదానికంటే తక్కువ విషయం కాదు. వరస ఇదీ: రేస్ మూయడం, బ్రేకు, వేగం పడిపోయాక గేరు, ఆ తర్వాత మలుపు. వేగం ఇంకా తగ్గకముందే గేర్లు టకటకా దించేసి ఇంజిన్‌తో బండిని ఆపాలని చూసేవారు ఉంటారు. అలా ఆగుతున్నప్పుడు బ్రేకు లైటు వెలగదు, వెనక వచ్చే వాహనానికి ఏమీ తెలియదు. పైగా బ్రేకు ప్యాడ్లు అరిగితే మార్చేవి, చవకైనవి. ఇంజిన్ బ్రేకింగ్‌కు సిసలైన చోటు పొడవాటి ఘాట్ దిగుడు. అక్కడ తగిన కింది గేరు పట్టుకుంటే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పకుండా ఉంటాయి.

తొందరపడి దించడంలో ఉన్న అసలు ముప్పు ఇంకోటి. పైన చెప్పిన బండి మూడో గేరులో 8,000 ఆర్పీఎం మీద ఉండగా రెండుకు దించి క్లచ్ వదిలితే ఇంజిన్ 10,480కి వెళ్ళాలి. దాని రెడ్‌లైన్, అంటే ఇంజిన్ దాటకూడని హద్దు, 9,500 అయితే? ఇంజిన్‌ను ఆ హద్దు దాటనివ్వని రెవ్ లిమిటర్ ఉందిగా అనుకోవడానికి లేదు. లిమిటర్ ఇంధనాన్నో నిప్పురవ్వనో ఆపగలదు గానీ, ఇక్కడ ఇంజిన్‌ను తిప్పుతున్నది పెట్రోలు కాదు, రోడ్డు మీద దొర్లుతున్న చక్రం. వాల్వు స్ప్రింగులు ఆ వేగాన్ని అందుకోలేకపోతే వాల్వు మూసుకునేలోపే పిస్టన్ పైకి వచ్చి దాన్ని కొడుతుంది. ఇక ఇంజిన్ విప్పాల్సిందే.

బైకు గేర్‌బాక్సులో గేర్లు వరసగానే పడతాయి. నాలుగు నుంచి నేరుగా రెండుకు దూకలేం. క్లచ్ పట్టుకునే రెండుసార్లు నొక్కవచ్చు, తప్పు లేదు. ఎదురుగా ఏదో అడ్డొచ్చి ఉన్నపళంగా ఆపాల్సి వస్తే చేయాల్సిందీ అదే: క్లచ్ పట్టేసి, చూపు, ధ్యాస అంతా బ్రేకుల మీద పెట్టి, ఆగేలోపు వీలైనన్ని గేర్లు కిందికి తన్నేయడం. అక్కడ బ్లిప్ గొడవే వద్దు. మిగతా వేళల్లో మాత్రం ఒక్కో గేరూ దించి క్లచ్ వదులుతూ రావడమే మంచిది, ఎందుకంటే రెండు మూడు గేర్ల తేడాను ఒకే బ్లిప్‌తో అందుకోవడం అనుభవం ఉన్నవారికీ గురి తప్పే పని.

నాలుగో గేరులోనే సిగ్నల్ దగ్గర ఆగిపోయి, గ్రీన్ పడ్డాక లివర్‌ను ఎంత తొక్కినా గేరు దిగక తంటాలు పడటం చాలామందికి అనుభవమే. లోపల గేర్లన్నీ ఎప్పుడూ జతలుగా కలిసే ఉంటాయి. గేరు మారడమంటే వాటి పక్కలనున్న మొండి పళ్ళు ఎదుటి గేరు సందుల్లో పడటం. మెకానిక్‌లు వాటిని డాగ్స్ అంటారు. బండి నడుస్తుంటే అవి తిరుగుతూ ఎక్కడో ఒకచోట సందు దొరకబుచ్చుకుంటాయి. ఆగిపోతే పన్నుకు పన్ను ఎదురై నిలబడిపోతాయి. కాలితో బలం చూపిస్తే వంగేది గేర్లను జరిపే లోపలి ఫోర్కు. బండిని కాళ్ళతో కొద్దిగా ముందుకూ వెనక్కూ కదుపుతూనో, క్లచ్‌ను వెంట్రుకవాసి వదిలి పడుతూనో తొక్కితే ఇట్టే దిగుతుంది.

యంత్రమే చూసుకుంటే

ఈ బాధను ముందుగా తీవ్రంగా ఎదుర్కొన్నది రేసు బళ్ళే. 1979లో హోండా ఎన్‌ఆర్500 అనే ఫోర్ స్ట్రోక్ బండితో బైకుల గ్రాండ్ ప్రీ రేసుల బరిలోకి దిగింది. పోటీలో ఉన్నవన్నీ ఇంజిన్ బ్రేకింగ్ అంటే ఏమిటో పెద్దగా ఎరగని టూ స్ట్రోక్‌లు. అత్యధిక ఆర్పీఎంలో తిరిగే ఫోర్ స్ట్రోక్‌లో రేస్ మూస్తే వెనక చక్రం గంతులు వేస్తుంది. దాన్ని అదుపు చేయడానికి ఆ బండిలో చక్రం నుంచి వెనక్కి వచ్చే తోపుడును పరిమితం చేసే క్లచ్ వాడారు. ఇప్పుడు మధ్యతరహా బళ్ళలో కూడా వస్తున్న స్లిప్పర్ క్లచ్ ఆ కోవదే. క్లచ్ లోపల ఏటవాలు మెట్లు ఉంటాయి. ఇంజిన్ చక్రాన్ని తిప్పినంతసేపు అవి ప్లేట్లను దగ్గరకు లాగుతాయి, అందుకే వీటిలో క్లచ్ లివర్ మెత్తగా ఉంటుంది. చక్రం ఇంజిన్‌ను తిప్పబోతే అవే మెట్లు ప్లేట్లను కాస్త ఎడం చేసి జారనిస్తాయి.

స్లిప్పర్ క్లచ్ ఉంది కదా, బ్లిప్ ఎందుకు అనే వాదన తరచు వినిపిస్తుంది. అది తప్పును క్షమిస్తుంది, తేడాను చెరిపేయదు. వేగాలు కలపకుండా వదిలిన ప్రతిసారీ ఆ తేడాను ప్లేట్లు అరిగి తీరుస్తాయి. ఈ విషయంలో ఆటో బ్లిప్పర్ దారి వేరు: ఎలక్ట్రానిక్ త్రాటిల్ ఉన్న బళ్ళలో గేరు లివర్ మీద కాలి ఒత్తిడిని సెన్సార్ పసిగట్టగానే కంప్యూటరే త్రాటిల్‌ను తెరిచి మూస్తుంది, క్లచ్ పట్టాల్సిన పనే లేదు. 2010 మోడల్ వీఎఫ్ఆర్1200ఎఫ్‌తో హోండా బైకుల్లోకి తెచ్చిన డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సులో క్లచ్ లివరే ఉండదు. 2023 చివర్లో అదే సంస్థ ప్రకటించిన ఈ-క్లచ్‌లో క్లచ్ లివర్ ఉంటుంది, పట్టుకోవడం మన ఇష్టం. ఇవన్నీ చేసేది ఇంజిన్, చక్రం వేగాలను కలిపే ఆ పనినే, మనిషి కంటే త్వరగా, గురి తప్పకుండా.

ఇవేవీ లేని మామూలు బండి మీద నెలల తరబడి సాధన చేసినా కుదుపు పోవడం లేదంటే, ఒకసారి కిందికి వంగి చైన్ చూడటం మంచిది. వదులుగా వేలాడే చైన్ రేస్ మూసినప్పుడల్లా ఒకవైపు, తెరిచినప్పుడల్లా రెండోవైపు బిగుసుకుంటూ కొడుతుంది. ఎంత చక్కని బ్లిప్ చేసినా ఆ దెబ్బ తప్పదు. వెనక హబ్‌లో కుదుపును మింగే రబ్బరు దిమ్మలు ఉంటాయి, అవి ఎండి గట్టిపడినా ఇదే లక్షణం. చక్రాన్ని పైకెత్తి చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిపితే స్ప్రాకెట్ (చైన్ పళ్ళ చక్రం)కూ హబ్‌కూ మధ్య వదులు తెలిసిపోతుంది. ఇంజిన్ ఆయిల్ సంగతీ చూడాలి. క్లచ్ అదే నూనెలో మునిగి ఉంటుంది కాబట్టి, రాపిడి తగ్గించే రసాయనాలు కలిపిన కారు ఆయిల్ పోస్తే ప్లేట్లు జారతాయి. డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉంటే తడి క్లచ్‌కు సరిపడేదని అర్థం. చైన్‌ను మాత్రం ఒక్కచోట చూసి వదలకూడదు. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల నొక్కి చూడాలి. ఒకచోట బిగుతుగా, మరోచోట వదులుగా ఉంటే ఇక సర్దుబాటుతో పని కాదు, చైన్, స్ప్రాకెట్లు కలిపి మార్చడమే.